సీడ్ ప్లాటుల ఏం తప్పితే ఎక్కడ కనిపిస్తది: కూరగాయ హైబ్రిడ్ విత్తనంల సమస్యలు - పరిష్కారాలు

మన దిక్కు అంటే భైంసా, ముధోల్, తానూర్ నుంచి జైనథ్, బేల దాకా, అటు మహారాష్ట్ర బార్డర్ దాటితే ధర్మాబాద్, భోకర్, కిన్వట్ల ఉన్న మన తెలుగోళ్లు కూడా, పత్తి సోయా మధ్యల పావెకరమో అరెకరమో సీడ్ ప్లాటు, అంటే కంపెనీ కోసం హైబ్రిడ్ విత్తనం పండిచ్చే మడి, పెట్టేటోళ్లు ఉన్నరు. జాల్నా, దేఉల్‌గావ్ రాజా దిక్కు షేడ్‌నెట్లల్ల ఏండ్ల సంది నడుస్తున్న పని ఇది, అక్కడ ఇంటిల్లిపాదికీ చెయ్యి తిరిగిపోయింది. మన దగ్గర ఆర్గనైజర్ (కంపెనీకి రైతుకు నడుమ ఉండేటోడు) వచ్చి ఒకపూట చూపిచ్చి పోతడు, ఇగ తర్వాత ఏమన్న తప్పితే వాళ్లు ఇచ్చిన విత్తనమే మంచిగ లేదని మనం, రైతే సరిగ చెయ్యలేదని వాళ్లు. నేను చూసిన కాడికి మాత్రం గింజల కనిపించే తప్పు చానా సార్లు రెండు నెలల కింద మొగ్గ దగ్గరనో పుప్పొడి డబ్బలనో జరిగి ఉంటది. అందుకే కనిపించేదాని కాడ మొదలువెట్టి వెనక్కి పోతూ రాస్తున్న.

జీవోటీ ఫెయిల్ అయింది, సెల్ఫ్ ఎక్కువ ఉందన్నరు

జీవోటీ అంటే మన గింజలకెల్లి శాంపిల్ తీసి నాటి, మొక్కలు పెరిగినంక హైబ్రిడ్ ఎన్ని, ఆడ లైన్ (గింజ కట్టే రకం, దానికి పుప్పొడి ఇచ్చేది మగ లైన్) లెక్కనే ఉన్నవి ఎన్ని అని లెక్కబెట్టుడు. ఆడ లైన్ లెక్క ఉన్నయే సెల్ఫ్‌లు, అంటే మన క్రాసింగ్‌తోని (మగ పూల పొడి ఆడ పువ్వుకు చేత్తోని పెట్టుడు) కాకుండ దాని పుప్పొడి దానికే పడి వచ్చిన గింజ. అగ్రిమెంట్లల్ల 98 శాతం దాకా ప్యూరిటీ అడుగుతరు, వందల మూడు మొక్కలు తేడా వచ్చినా పేచీయే. రిజల్ట్ వచ్చేసరికి ప్లాటు పీకేసి ఇంకో పంట ఏసి ఉంటం, అప్పుడు చూసేటందుకు ఏమీ ఉండదు, అందుకే ప్లాటు నిలబడి ఉండంగనే పట్టుకోవాలె.

అన్నిట్ల పెద్ద కారణం మొగ్గ ఆలస్యంగ పట్టుడు. టమాటల పువ్వు రెక్కలు ఆకుపచ్చ నుంచి లేత పసుపుకు తిరుగుతూ, మొగ్గల నుంచి కొంచెం బయటకు వచ్చి ఇంకా విచ్చుకోకుండ ఉంటయి చూడు, అదే టైం. ఆ మొగ్గను ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య పట్టుకొని చిమ్టాతోని లోపలి పసుపు గొట్టాన్ని (పుప్పొడి ఉండే మగ భాగం) పక్క నుంచి చీల్చి తీసేయాలె, మధ్యల ఉండే సన్నటి ఆడ పుల్లకు గీత కూడా పడొద్దు. రెక్కలు చిక్కటి పసుపై విచ్చుకున్నయంటే లోపల పొడి అప్పటికే రాలి ఉంటది, దాన్ని ఎంత నీటుగ తీసినా సెల్ఫే. అసొంటి పువ్వు కనిపిస్తే తెంపి కింద పడేసుడే, అయ్యో పువ్వు పోతదని ఆశపడొద్దు.

మరి ఆలస్యం ఎందుకైతది అంటే, మన దగ్గర పత్తి వల్ల. నవంబర్, డిసెంబర్ల పత్తి ఏరుడు కిలో లెక్కన పైసలు, నేర్పుకున్న ఆడకూలోళ్లు పొద్దుగాల ఆటో ఎక్కి అటు పోతరు, ఇక్కడ రెండు రోజులు మొగ్గలు ఆగుతయా, ఆగవు, విచ్చుకుంటయి. మూడో రోజు వచ్చి విచ్చుకున్నవాటికి కూడా గొట్టం పీకి పొడి పెట్టిపోతరు. దీనికి మందు లేదు, ప్లానింగే. టమాట అయితే మగ నారు నవంబర్ మొదట్ల, ఆడ నారు నవంబర్ ఆఖరికి పోస్తే క్రాసింగ్ జనవరి ఆఖరి నుంచి వస్తది, అప్పటికి పత్తి జోరు తగ్గుతది. రెండోది, ఎన్ని పూలు చేస్తే అన్ని పైసలు అని కూలి మాట్లాడొద్దు, తొందరల పాత మొగ్గలన్నీ కలుస్తయి. రోజు కూలియే ఇయ్యాలె. ఉన్న చేతులను చూసి ప్లాటు పెట్టుకోవాలె, భూమి ఎంతుందని చూసి కాదు.

ఇంకో కారణం, క్రాసింగ్ షురూ అయ్యేకంటె ముందే పట్టిన కాయలు. మొదటి రోజు పనికి దిగేముందు ఆడ మొక్క మీద ఉన్న కాయ, పిందె, విచ్చిన పువ్వు అన్నీ తీసి సాఫ్ చెయ్యాలె. అట్లనే క్రాసింగ్ అయిపోయినంక వచ్చే కొత్త మొగ్గలు గిల్లుతూనే ఉండాలె, మగ వరసలు మొత్తం పీకేయాలె. చానామంది ఆఖరి రోజు దావత్ చేసుకొని చేను దిక్కు పోరు, ఆ పది పదిహేను రోజులల్ల పట్టిన కాయలే కొంప ముంచుతయి.

గుర్తు సంగతి. గొట్టం తీసినప్పుడే మొగ్గ కింద ఉండే ఆకుపచ్చ తొడిమ రెక్కలల్ల రెండు కత్తిరిస్తరు కదా, కాయ పండినంక కూడా ఆ కోత కనిపిస్తది. కాయ తెంపేటప్పుడు ఒక్కొక్కటి తిప్పి చూసి, రెక్కలన్నీ పూర్తిగ ఉంటే అది సెల్ఫ్, పక్కన పడేయాలె. కింద రాలిన కాయకు తొడిమ ఉండదు, గుర్తు ఉండదు, కాబట్టి ఎంత మంచిగ ఉన్నా గంపల వెయ్యొద్దు. కూలోళ్లకు ఇది ఒక్కటే గట్టిగ చెప్పాలె, మిగిలినయి వాళ్లకే తెలుసు.

మిర్చిల కొన్ని ఆడ లైన్లకు పుప్పొడే రాదు, మగతనం లేని లైన్లంటరు, గొట్టం తీసే పని తప్పుతది. కాని వీటిల్ల రెండు రకాలు. ఒకదాంట్ల నాటిన మొక్కలల్ల సగం మామూలుగ పుప్పొడి వచ్చేవే ఉంటయి, పూత మొదట్లనే ప్రతి మొక్కది ఒక పువ్వు విప్పి, పుప్పొడి కనిపిస్తే మొక్కనే పీకేయాలె. రెండోదాంట్ల అన్నీ పుప్పొడి లేనివే, కాని గట్టి చలి పడితే కొన్ని లైన్లల్ల కొంచెం పొడి వస్తది, అందుకని చలి రోజులల్ల రోజూ కొన్ని పూలు గోటి మీద రుద్ది చూడాలె. మీకు ఇచ్చింది ఏ రకమో విత్తనం తీసుకున్న రోజే అడగండి.

క్రాసింగ్ చేసిన పూలు రాలుతున్నయ్

ముందు వాతావరణం చూడాలె. టమాటకు పగలు 32 - 35 డిగ్రీలు దాటినా, రాత్రి మరీ చల్లగ అయినా పిందె నిలబడదు. ఆదిలాబాద్ దిక్కు జనవరిల రాత్రి పది డిగ్రీల కిందికి పోవుడు మామూలే, ఏప్రిల్ల ఎండ సంగతి చెప్పే పనే లేదు. కాబట్టి మనకు టమాట క్రాసింగ్‌కు మంచి రోజులు ఫిబ్రవరి, మార్చి మొదలు, అంతే. షేడ్‌నెట్ ఉంటే ఇంకొన్ని రోజులు లాగొచ్చు.

వాతావరణం మంచిగనే ఉండి రాలుతున్నయంటే చెయ్యి తప్పు. రాలిన పువ్వు తీసుకొని చూడు, మధ్య పుల్ల వంగి నల్లబడి ఉంటే చిమ్టా తాకింది. పొద్దుగాల మంచు ఆరకముందే పొడి పెట్టినా అంటదు, తడికి ముద్దయితది. ఎనిమిది నుంచి పదకొండు లోపు పెడితే మంచిది, పెట్టినంక వాన పడితే మర్నాడు మళ్లొకసారి పెట్టాలె.

వంకాయ కథ వేరే. ఒకే మొక్క మీద ఆడ పుల్ల పొడుగ్గ ఉన్న పూలు, మధ్యరకంగ ఉన్నయి, పొట్టిగ లోపలనే దాగున్నయి అన్నీ వస్తయి. పొట్టి పుల్ల పువ్వు కాయ పట్టదు, దానికి ఎంత పొడి పెట్టినా రాలుడే. పుల్ల మగ గొట్టాలను దాటి బయటకు వచ్చిన పువ్వునో, వాటితోని సమానంగ ఉన్నదాన్నో పట్టుకోవాలె. ఇది తెలువక రోజంతా పొట్టి పూలకు పనిచేసి, సాయంత్రం కంపెనీని తిట్టేటోళ్లను చూసిన.

కాయ మంచిగనే నిలబడ్డది, కోస్తే గింజ లేదు

పుప్పొడి చచ్చిపోయింది, లేకపోతే సరిపోను అంటలేదు. మగ పూలను ఎప్పుడు తెంపినరు, ఎట్ల ఎండబెట్టినరు అన్నది చూడాలె. టమాటల మగ పూల గొట్టాలు తీసి పేపర్ మీద పరిచి, వంద వాట్ల బల్బు ఒక అడుగు ఎత్తుల పెట్టి ఒక రాత్రి ఉంచితే ఎండుతది. బల్బు దగ్గరికి దించితే పొడి మంచిగనే రాలుతది, కాని మాడి చచ్చిన పొడి. నడి ఎండల రేకు మీద ఆరబెట్టినా అంతే. ఎండినంక డబ్బల వేసి మీద సన్న జాలీ గుడ్డ కట్టి ఊపితే పొడి కిందికి దిగుతది. ఆ రోజుది ఆ రోజు వాడితే మంచిది, మిగిలితే గాలి పోకుండ మూసి ఫ్రిజ్‌ల రెండు మూడు రోజులు పెట్టొచ్చు. మడిల నడుమ పనిచేసేటప్పుడు డబ్బ నీడల ఉండాలె, చెమట చేతులతోని వేలు ముంచితే పొడి గడ్డకడతది.

ఇంకో కారణం మొక్క మీద కాయలు ఎక్కువ నిలిపుడు. టమాటల పెద్ద కాయ రకానికి ముప్పై, నడిమి రకానికి నలభై, చిన్నదానికి యాభై కాయలు చాలు, ఇంకా ఆశపడితే అన్నీ తాలు గింజలే. బోరాన్ తక్కువున్నా గింజ పట్టదు, మన నల్లరేగళ్లల్ల పూతకు ముందు ఒకసారి స్ప్రే చేసుకుంటే నష్టం లేదు, మోతాదు మాత్రం మించొద్దు.

బెండల కాయ వంకర తిరిగి ఒక పక్క గింజ తక్కువుంటే ఆడ మొన మీద పొడి ఒకవైపే రుద్దినట్టు. దానికి అయిదారు లోబులు ఉంటయి, చుట్టూ రుద్దాలె.

మగ పూలు ముందే అయిపోయినయ్, లేదా ఇంకా రాలే

మగ నారు టమాటల మూడు వారాలు ముందు పోయమంటరు, ఎందుకంటె క్రాసింగ్ మొదటి రోజునాటికి పూలు పుష్కలంగ ఉండాలె. ఒకేసారి కాకుండ మగ వరసలను రెండు దఫాలుగ పోసుకుంటే ఆఖరి దాకా పొడి దొరుకుతది. నాలుగు ఆడ మొక్కలకు ఒక మగ మొక్క లెక్కన పెట్టుకుంటే కొదవ రాదు. పక్కోని ప్లాటుల మగ పూలు అడుక్కొచ్చుడు మాత్రం వద్దు, కోడ్ నంబర్ (కంపెనీ లైన్‌కు పెట్టే నంబర్) ఒకటే అన్నా నమ్మొద్దు.

బెండ ఆకులు పసుపు ఈనెలతోని వస్తున్నయ్

పల్లాకు తెగులు, తెల్లదోమతోని వస్తది. ఆడ లైన్లు ఎక్కువ శాతం దీనికి తట్టుకోవు, హైబ్రిడ్ తట్టుకుంటదని ధీమాగ ఉండొద్దు. మన దగ్గర పత్తి కట్టె పీకిన వారం పది రోజులల్ల దోమంతా పచ్చగ ఉన్న మడి మీదికి వస్తది, కాబట్టి చుట్టుపక్కల పత్తి పీకే టైం చూసుకొని పసుపు జిగురు అట్టలు ముందే కట్టాలె. తెగులు తాకిన మొక్కను మొదటి రోజే పీకి పాతిపెట్టాలె. కొందరు పక్కన పత్తి ఉంటే బెండకు పుప్పొడి కలుస్తదని భయపడతరు, రెండూ ఒకే కుటుంబమే గాని కలువవు. కలిసేది పక్కోని బెండనే, దానికి రెండు వందల మీటర్ల దూరం అన్నా ఉండాలె.

బెండకు గొట్టం తీసుడు సాయంత్రం పని. మర్నాడు విచ్చే మొగ్గ అడుగున గోటితోని చుట్టూ గాటు పెట్టి మెల్లగ తిప్పి లాగితే రెక్కలు, మగ గొట్టం టోపీ లెక్క ఊడొస్తయి, లోపల పుల్ల ఒక్కటే మిగులుతది. దానికి చిన్న పేపర్ గొట్టం తొడిగి, పొద్దుగాల ఎనిమిదికి పొడి పెట్టాలె.

తీగజాతిల వేరే రకం కలిసింది

తేనెటీగ పని. తీగజాతికి కిలోమీటరు దూరం అడిగేది ఊరికే కాదు. చేన్లన్నీ చూసుకుంటం గాని గుడిసె మీద పాకిన సోరతీగ, కంచె మీది కాకర మర్చిపోతం. కంచెలల్ల దొరికే చిన్న పొట్టి కాకర కూడా మన కాకర జాతే, కలుస్తది. ఆకాకర వేరే జాతి, దాని గురించి ఫికర్ లేదు.

టైం కూడా తప్పుతరు. సోర, బీర సాయంత్రం విచ్చుతయి, కాకర, కీరా తెల్లారి. అన్నిటికీ పొద్దుగాల పోతే సోరల పని అప్పటికే తేనెటీగో పురుగో చేసి పోయి ఉంటది. రేపు విచ్చే ఆడ మొగ్గకు ముందే పేపర్ కవర్ తొడగాలె, పొడి పెట్టినంక మళ్లా మూసి దారం కట్టాలె. ఆడ వరసలల్ల మగ మొగ్గలు రోజూ గిల్లాలె. గుమ్మడి, కీరా అసొంటివాట్ల ఆడ పూలు పెంచుటానికి ఎథ్రెల్ అనే మందు రెండాకులు, నాలుగాకుల దశల కొడతరు, 39 శాతం మందు అయితే లీటరుకు అర మిల్లీ. మగ వరస మీద పడకుండ చూడాలె, పడితే పొడికి కరువే.

పండు ఈగకు మామిడి తోటల పెట్టే ఎర పెడితే తీగజాతి ఈగ పడదు, షాపుల క్యూలూర్ అని అడిగి తేవాలె.

మొలక తక్కువ, గింజ నల్లబడ్డది

టమాట గుజ్జు పులియబెట్టేటప్పుడు ఎండకాలం ఒక రోజు చాలు. రెండు రోజులు ఉంచితే టబ్బులనే మొలక ఉబ్బుతది, ఆ గింజ ఎండినంక చస్తది. నీళ్లు కలపొద్దు, ఇనుప డ్రమ్ము వాడొద్దు, పూటకు రెండు సార్లు కలపాలె. కడిగి నైలాన్ జాలీ మీద నీడల ఆరబెట్టి, తర్వాత లేత ఎండ. సిమెంట్ గచ్చు మీద నడి ఎండల పోస్తే పైకి మంచిగనే కనిపిస్తది, లోపల ఉడుకుతది. టమాట, వంకాయకు కనీసం 70 శాతం మొలక, మిర్చి, తీగజాతికి 60, బెండకు 65 ఉండాలని రూల్, మిర్చి టమాటల తేమ 8 శాతం మించొద్దు.

తంబాకు నమిలే, బీడీ తాగే కూలోళ్ల చేతులతోని టమాట మిర్చికి మొజాయిక్ వైరస్ అంటుతది, గింజ పొట్టు మీద కూడా ఉంటది. పనికి దిగే ముందు సబ్బుతోని చేతులు కడిగించాలె, వాళ్లు మనసుకు తీసుకోకుండ నవ్వుతూనే చెప్పాలె.

లెక్కల తేడా

గింజ అప్పజెప్పేటప్పుడు ఆర్గనైజర్ ముందటే ఒక శాంపిల్ రెండు భాగాలు చేసి, రెండిటికి సీల్ వేసి ఇద్దరి సంతకాలు పెట్టుకోవాలె, ఒకటి మన దగ్గర ఉండాలె. అగ్రిమెంట్ అర్థమయ్యే భాషల లేకపోతే చదివించుకొని సంతకం చెయ్యాలె, ముఖ్యంగ ప్యూరిటీ తక్కువొస్తే కిలోకు ఎంత కోత, జీవోటీ ఎప్పటి లోపు చెప్పాలె అనే రెండు లైన్లు. రిజల్ట్ మీద నమ్మకం లేకపోతే మన దగ్గరున్న సీల్ శాంపిల్‌తోనే మళ్లా టెస్ట్ అడగొచ్చు.