కారు దిగబడిందా? ట్రాక్షన్ కంట్రోల్ ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఆపకూడదు

సమస్య 1: యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ గొంతు నొక్కినట్టు అణిగిపోతోంది, కారు కదలడం లేదు

వానాకాలంలో రేగడి నేల మీది పొలం బాటలోనో, సముద్రతీరం ఇసుకలోనో కారు దిగబడినప్పుడు ఇలా జరుగుతుంది. డ్యాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ మినుకుమినుకుమంటుంది. మెకానిక్‌కు ఫోను చేయకండి, చెడిపోయిందేమీ లేదు.

కారణం: బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం చక్రాల దగ్గర అమర్చిన సెన్సర్లు ప్రతి చక్రం వేగాన్నీ కొలుస్తుంటాయి. ఇంజిన్ తిప్పే చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరిగితే, అది పట్టు తప్పిందని కంప్యూటర్ లెక్క వేసుకుంటుంది. వెంటనే రెండు పనులు చేస్తుంది: ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది, జారే చక్రానికి బ్రేకు వేస్తుంది. ఇదే ట్రాక్షన్ కంట్రోల్. తడిసిన తారు రోడ్డు మీద రెండూ కావలసినవే. కానీ రేగడి బురదలో చక్రం కాస్త తిరిగితేనే టైరు గాడుల్లో అతుక్కున్న మట్టి విదిలిపోతుంది. ఇసుకలోనూ అంతే, కారుకు ఊపు కావాలి. ఆ ఊపును కంప్యూటర్ మొదట్లోనే తుంచేస్తోంది.

పరిష్కారం: స్విచ్ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆపండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. కదలకపోతే ఫస్ట్ గేరు, రివర్స్ గేరు మార్చుతూ కారును ముందుకూ వెనక్కూ ఊపండి. ఆటోమేటిక్ కారైతే కారు పూర్తిగా ఆగాకే గేరు మార్చాలి, ఎక్కువసేపు ఊపితే గేరుబాక్సు వేడెక్కుతుంది. ఇసుకలో అయితే టైర్లలో గాలిని 20 పీఎస్ఐ దగ్గరకు దించితే తేడా తెలుస్తుంది, తారు రోడ్డు ఎక్కాక వేగం పెంచకముందే మళ్ళీ నింపాలి.

చక్రం గిరగిరా తిరుగుతూ కారు ఇంకా లోపలికి దిగుతోందా? అక్కడితో ఆపండి. అడుగు భాగం నేలకు ఆనితే ఏ స్విచ్చూ పనికిరాదు. పారతో మట్టి తీసి, చక్రాల కింద కంకరో గోనెసంచులో వేయాలి. తోసేవాళ్ళు చక్రాలకు సూటిగా వెనక నిలబడకూడదు.

సమస్య 2: స్విచ్ ఆపాను, ఇప్పుడు ఒక చక్రమే తిరుగుతోంది, రెండోది కదలడం లేదు

ఇక్కడ చాలామంది పొరపడతారు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) ఉన్న కారులో ఒక చక్రం బురదలో, రెండోది గట్టి నేల మీద ఉంటే, కదలిక అంతా తేలిగ్గా తిరిగే బురద చక్రానికే పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ చక్రానికి బ్రేకు వేస్తేనే గట్టి నేల మీది చక్రానికి బలం అందుతుంది. మీరు దాన్నే ఆపేశారు.

పరిష్కారం: మళ్ళీ ఆన్ చేయండి. చక్రం జారి, బ్రేకు పడి, రెండోది పట్టు అందుకునేంత వరకు యాక్సిలరేటర్ వదలకుండా స్థిరంగా తొక్కి ఉంచండి. అందువల్ల కారు దిగి చూడకుండా స్విచ్ మీద చేయి వేయకండి. ఇంజిన్ తిప్పే చక్రాలన్నీ మెత్తటి నేలలో ఉంటేనే ఆపడంలో అర్థం ఉంది. మీ కారులో బురద, ఇసుక మోడ్‌లు విడిగా ఉంటే ముందు అవే వాడండి. ఎంత జారనివ్వాలో వాటిలో చాలావరకు ముందే లెక్కించి ఉంటుంది.

సమస్య 3: స్విచ్ నొక్కాను, అయినా శక్తి తగ్గుతూనే ఉంది

చాలా కార్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కారు పక్కకు జారకుండా చూసే ఈఎస్‌పీ కూడా ఆగుతుంది. కొన్నింటిలో ఏం చేసినా పూర్తిగా ఆగదు, కొన్నింటిలో వేగం పెరగగానే దానంతట అదే ఆన్ అవుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇదంతా ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ.

సమస్య 4: మంచులో చక్రాలు తిరగడం లేదు

అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ళకు తెలిసిన బాధే. లోతైన మెత్తటి మంచులో ఇరుక్కుంటే, లేదా చక్రాలకు గొలుసులు కట్టినప్పుడు, కాసేపు ఆపవచ్చు. నున్నటి మంచుగడ్డ మీద మాత్రం ఆపవద్దు, అక్కడ చక్రం తిరిగినకొద్దీ ఇంకా జారుతుంది. ఇంజిన్ నడుస్తుండగా పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరవచ్చు, ముందు దాన్ని తవ్వి తీయండి.

సమస్య 5: నేను ఏమీ నొక్కలేదు, లైటు మాత్రం నిలకడగా వెలుగుతోంది

మినుకుమనే లైటు వ్యవస్థ పని చేస్తోందని చెబుతుంది. ఆగకుండా వెలిగే లైటు లోపాన్ని చెబుతుంది. బురద పట్టిన సెన్సరు, తెగిన తీగ, ఒక్కో చక్రానికి ఒక్కో సైజు టైరు మామూలు కారణాలు. చక్రాల దగ్గర కడిగి చూడండి. పోకపోతే వర్క్‌షాపులో చూపించేదాకా వానలో, ఘాట్ రోడ్లలో నెమ్మదిగా నడపండి. ఏబీఎస్ లైటు కూడా వెలిగితే ఆలస్యం చేయకండి.