చిన్న విమానాల రెక్కల్లో పగుళ్లు: పైకి కనబడేవి, అస్సలు కనబడనివి

రెక్క రేకుల్ని బిగించే రివెట్ (తల ఉన్న లోహపు మేకు) వెనకాల నల్లటి చార ఉందా, గాలి పోయే వైపుకి తోకలా సాగి? దీన్నే స్మోకింగ్ రివెట్ అంటారు. రివెట్ వదులై రేకు రాసుకుంటుంటే అరిగిన అల్యూమినియం పొడే ఆ నలుపు. తుడిచేసి ఎగరేసెయ్యకండి, ముందు ఫొటో తీసి ఇంజనీర్‌కి చూపించండి. ఒకటో రెండో అయితే రివెట్ మారిస్తే సరిపోవచ్చు, వరసగా నాలుగైదు ఉంటే మాత్రం లోపల రిబ్ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డపట్టీ), స్పార్ (రెక్క బరువు మోసే ప్రధాన దూలం) చూడాల్సిందే.

పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత కనబడితే, పగిలింది పెయింటా లోహమా అన్నది తేల్చాలి. టార్చ్‌ని రేకుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి 10 రెట్ల లెన్స్‌తో చూడండి, ఉత్త గీత అయితే అడుగు మెరుస్తుంది, పగులైతే నల్లగా ఉంటుంది, తుడిచిన కాసేపటికి అందులోంచి మళ్ళీ నూనె ఊరుతుంటే అనుమానం గట్టిదే. పెయింట్ తీసేసి డై పెనిట్రెంట్ (పగుల్లోకి ఇంకే రంగు ద్రవంతో చేసే టెస్ట్) చేయించండి, పెయింట్ మీదే చేస్తే ఏమీ తెలీదు. కౌలింగ్ (ఇంజన్ మీది మూత) లాంటివాటికి మాన్యువల్ ఒప్పుకుంటే పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేస్తారు, అదే స్టాప్ డ్రిల్, స్పార్‌కి మాత్రం ఆ ఆలోచనే వద్దు.

ఇక మూడోది, ఏ లక్షణమూ లేకపోవడం. నాకు అన్నిటికన్నా భయం దీంతోనే. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ట్రైనింగ్‌లో ఉన్న పైపర్ పీఏ-28ఆర్-201 ఎడమ రెక్క గాల్లోనే ఊడిపోయింది, ఉన్న ఇద్దరూ చనిపోయారు. కింది స్పార్ క్యాప్‌లో (స్పార్ కింది అంచు పట్టీలో) బోల్ట్ హోల్ దగ్గర మొదలైన ఫెటీగ్ పగులు, అంటే మళ్ళీ మళ్ళీ భారం పడి లోహం అలిసి వచ్చే పగులు అది, విప్పితే తప్ప కంటికి కనబడే చోటు కాదు. అందుకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ, ఏడీ 2020-26-16 (భద్రత కోసం తప్పక పాటించాల్సిన ఆదేశం) తెచ్చి, ఆ కోవ పైపర్ విమానాల్లో 5000 ఫ్యాక్టర్డ్ సర్వీస్ అవర్స్ (వాడకం ఎంత కఠినమో చూసి లెక్కకట్టే గంటలు) దాటినవాటికి ఎడ్డీ కరెంట్ టెస్ట్ (విద్యుత్ ప్రోబ్‌తో లోహంలో పగుళ్లు పట్టే పరీక్ష) తప్పనిసరి చేసింది.

ఆ గంటల లెక్క తేలికే. 100 గంటల ఇన్‌స్పెక్షన్లు (ట్రైనింగ్‌కో అద్దెకో తిప్పే విమానానికి ప్రతి 100 గంటలకీ చేసేవి) ఎన్ని జరిగాయో దాన్ని 100తో గుణించండి, మొత్తం గంటల్లోంచి అది తీసేసి, మిగిలినదాన్ని 17తో భాగించి, వచ్చింది ఆ మొదటి అంకెకి కలపండి. 6000 గంటలు తిరిగిన విమానానికి 40 ఇన్‌స్పెక్షన్లు అయ్యుంటే దాదాపు 4118, అదే 52 అయితే 5247. రెండూ తిరిగింది అన్నే గంటలు, కానీ రెండోది ట్రైనింగ్‌లోనో అద్దెకో ఎక్కువ నలిగిందన్నమాట, మాటిమాటికీ ల్యాండింగులు, కింద ఎత్తులో కుదుపులు, ఆ భారమంతా ఆ హోల్స్ మీదే పడుతుంది. లాగ్‌బుక్ పోయిందా, లెక్కకి దొరకదు కదా అని వదిలెయ్యడానికి లేదు, టెస్ట్ చేయించాల్సిందే.

టెస్ట్‌కి బోల్ట్ తీసి హోల్‌లో ప్రోబ్ పెడతారు. ఇక్కడే జాగ్రత్త, బోల్ట్‌ని బలవంతంగా కొట్టి తీస్తే హోల్ లోపల గీసుకుపోతుంది, రేపు పగులు మొదలయ్యేది ఆ గీత నుంచే. అందుకే ఈ పనిలో బాగా చెయ్యి తిరిగిన మనిషికే ఇవ్వండి. పగులు తేలితే ఎగరడం ఆపి స్పార్ మార్చాలి, ఏమీ లేదని తేలినా ఆ రిజల్ట్ ఎఫ్ఏఏకి, పైపర్‌కి పంపండి, ఎన్ని గంటలకి పగుళ్లు వస్తున్నాయో వాళ్ళకి తెలిసేది ఆ రిపోర్టుల నుంచే.