విమాన ప్రయాణానికి ఎన్ని గంటలు? పరదేశంలో కొత్తగా స్థిరపడేవారికి

ఇల్లు దొరికి, ఉద్యోగమో చదువో గాడిన పడ్డాక ఈ లెక్క తప్పకుండా ముందుకొస్తుంది. సెలవులకు మీరు వెళ్లాలి, లేదా మీ వాళ్లు రావాలి. అప్పుడు అందరూ ముందుగా వెతికేది రెండు విమానాశ్రయాల మధ్య ఎన్ని కిలోమీటర్లు అని. నన్నడిగితే, ఆ అంకెతో ఒరిగేది తక్కువ.

వెతికితే కనిపించే దూరం సాధారణంగా భూగోళం మీద అతి దగ్గరి దారి. గోడకు తగిలించిన పటంలో అది వంకరగా ఉంటుంది: లాస్ ఏంజెలెస్ నుంచి లండన్ వెళ్లే దారి ఉత్తరానికి ఎగబాకి గ్రీన్‌లాండ్ దాపులకు వెళ్తుంది. ఆ దూరం సుమారు 8,750 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలిపితే పది గంటల పైచిలుకు వస్తుంది. ఉజ్జాయింపుకు అది చాలు.

కానీ గాలి ఈ లెక్కను ఖాతరు చేయదు. పై ఎత్తుల్లో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం వల్ల న్యూయార్క్ నుంచి లండన్‌కు ఏడు గంటలు పట్టే చోట, తిరుగు ప్రయాణానికి దాదాపు ఎనిమిది పడుతుంది. రాజకీయం గాలికంటే మొండిది. 2022లో యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడ్డాక, హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిది గంటల ప్రయాణం పదమూడు గంటలైంది. ఊళ్లు మాత్రం కదల్లేదు!

టికెట్ మీది సమయాలు ఏ ఊరివి ఆ ఊరి స్థానిక సమయాలు. వాటిని నేరుగా తీసివేయకండి. జూన్‌లో ఆక్లాండ్‌లో రాత్రి 8 గంటలకు బయలుదేరి, పన్నెండు గంటలు ఎగిరి, లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ మధ్యాహ్నం 1 గంటకు దిగవచ్చు. రెండు సమయాలనూ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి) మార్చి తీసివేస్తే అసలు వ్యవధి తేలుతుంది. మార్చిలో మరింత జాగ్రత్త: వేసవి కోసం గడియారాలను గంట ముందుకు జరపడం అమెరికాలో యూరప్ కంటే ముందే జరుగుతుంది కాబట్టి, న్యూయార్క్, లండన్‌ల మధ్య ఐదు గంటల తేడా రెండు మూడు వారాలపాటు నాలుగే.

అసలు చిక్కు మధ్యలో విమానం మారే చోట. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌పై ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మరో విమానంలో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. విడివిడిగా కొంటే ఆ భారం మీదే. చవక అని విడి టికెట్లు కొని మధ్యలో గంటన్నరే ఉంచుకోవడం నాకు జూదంలా కనిపిస్తుంది. పైగా అమెరికాకు వెళ్తుంటే, సాధారణంగా ఆ దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించి, లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించాలి. షెంగెన్ దేశాలకైతే (తమ మధ్య సరిహద్దు తనిఖీలు మామూలుగా ఉండని యూరప్ దేశాలు) ఆ ప్రాంతంలో మొదట దిగిన చోటే పాస్‌పోర్ట్ తనిఖీ. పెద్దవాళ్లు వస్తుంటే విమానం మారే చోట కనీసం మూడు గంటలు ఉండేలా చూడండి. చక్రాల కుర్చీ సాయం కావాలంటే టికెట్ కొన్నప్పుడే అడగండి.

వారిని తీసుకురావడానికి వెళ్లేటప్పుడు, చేరే సమయం పక్కన +1 ఉందేమో చూసుకోండి. ఉంటే, వారు దిగేది బయలుదేరిన మర్నాడు.