డెస్క్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే

ఒంగోలులోని మా ఇంట్లో ఫోన్‌కు వైఫై చక్కగా అందుతున్నా, డెస్క్‌టాప్‌లో మాత్రం తరచూ తెగిపోయేది. వైఫై అడాప్టర్‌ను (కంప్యూటర్‌కు వైఫై అందించే చిన్న యూఎస్‌బీ పరికరం) సీపీయూ వెనుక ఉన్న నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెడితే, ఆ పోర్టు నుంచి వెలువడే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్‌ను దెబ్బతీయవచ్చు. పైగా సీపీయూ ఇనుప డబ్బా కూడా అడ్డుపడుతుంది. కాబట్టి కొత్త అడాప్టర్ కొనేముందు, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను నల్లరంగు 2.0 పోర్టుకు తగిలించి, అడాప్టర్‌ను దాని చివర అమర్చి, రూటర్‌కు అడ్డులేకుండా బల్లమీద ఉంచండి. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపివేయడానికి అనుమతించే టిక్కును కూడా తీసివేయండి. ఫోన్‌లోనూ నెట్ తెగిపోతుంటే లోపం రూటర్‌లోనో లైనులోనో ఉండవచ్చు కనుక, అప్పుడు ఈ పద్ధతి పనిచేయదు.