బ్లాక్ బెల్ట్ తరువాత, నాలుగవ పాఠం: స్థానం ఇవ్వండి, చేయి ఇవ్వకండి

బ్రెజిలియన్ జియు-జిట్సులో (పట్లతో ఎదుటివాడిని నేల మీద లొంగదీసే విద్యలో) బ్లాక్ బెల్ట్ కట్టుకున్న తొలి వారాలలో ప్రతి రౌండునూ కింద చిక్కిన స్థితి నుంచే ప్రారంభించమని మూడవ పాఠంలో చెప్పి, అక్కడితో ఆపాను. అది నా పొరపాటు. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, ఇక్కడ ఒడిశా బరంపురంలోనే ఉన్న ఒకరిద్దరి నుంచి వచ్చిన జవాబులు చదివాక ఆ పాఠం రెండు విధాలుగా పెడదారి పట్టిందని తెలిసింది. కొందరు తమకన్నా కింది మెట్టులోని బ్లూ బెల్ట్ కుర్రవాడికి ట్యాప్ చేయవలసి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవలసి) రాగానే తమకు అలవాటైన గార్డ్‌లోకి (కింద ఉండి ఎదుటివాడిని కాళ్లతో అడ్డుకునే స్థితిలోకి) వెనుదిరిగారు. మరికొందరు శిష్యుడికి ఉత్సాహం కలుగుతుందని తమ చేతిని తామే చాచి అందించారు. అందువల్ల ఈసారి కొత్త విషయం మొదలుపెట్టడం లేదు, ఆ రెండు తప్పులనే సరిదిద్దుతాను.

మొదటివారికి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ఈ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం బ్లాక్ బెల్ట్ తరువాతి మెట్టయిన మొదటి డిగ్రీకి కనీసం 3 ఏళ్లు ఆగాలి కాబట్టి, ఈ నెలలో ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కరలేదు. పైగా బ్రౌన్ బెల్ట్ పెద్దలకు 8 నిమిషాలుండే పోటీ బ్లాక్ బెల్ట్‌లో 10 నిమిషాలు అవుతుంది. అలసిన ఆ చివరి నిమిషాలలో ఎదుటివాడు మౌంట్ ఎక్కితే (మీ మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటే) అతనికి 4 పాయింట్లు వస్తాయి. అక్కడి నుంచి బయటపడే విద్యను ఇప్పుడే నేర్చుకోవాలి.

రెండవవారి తప్పే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. ఆర్మ్‌బార్‌లో (చేతిని చాపి మోచేతి దగ్గర వెనక్కి వంచే పట్టులో) చేయి విరిచేది చేతుల బలం కాదు. మోచేతికి కాస్త పైభాగాన తుంటి ఆధారంగా నిలవాలి, మోకాళ్లు రెండూ దగ్గరగా బిగిసి ఉండాలి, మీ బొటనవేలు పైకి తిరిగి ఉండాలి. మీరే చేయి అందించినప్పుడు శిష్యుడు మోకాళ్లు బిగించకుండానే మీ ట్యాప్ పొందుతాడు, అదే సరైన పట్టు అని నమ్ముతాడు, పోటీలో ఎదుటివాడు మోచేయి లాక్కుని లేచేసరికి ఏం జరిగిందో అతనికి అర్థం కాదు. మెడ విషయంలోనూ అంతే: వెనుక నుంచి చేతులతో బిగించే రియర్ నేకెడ్ చోక్ మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలను నొక్కాలి, కానీ దవడను నొక్కినప్పుడే మీరు ట్యాప్ చేస్తే అతను జీవితమంతా దవడనే నొక్కుతాడు. భుజాన్ని మెలిపెట్టే కిమురా పట్టుకూ ఇదే వర్తిస్తుంది.

అయితే నిజంగా కాపాడుకోవడమంటే ఆలస్యంగా ట్యాప్ చేయడం కాదు. బెల్ట్ పొందిన రెండవ వారంలో, అందరూ చూస్తున్నారని నేను అర క్షణం ఆగినందుకు ఆరు వారాలు కుడి మోచేతికి కట్టుతో తిరిగాను. ఆర్మ్‌బార్‌లో మోచేయి ఎదుటివాడి తుంటిని దాటి, చేయి చాపబడి, బొటనవేలు తిప్పుకునే వీలు కూడా లేకపోతే వెంటనే ట్యాప్ చేయండి. మడమను తిప్పి మోకాలిని మెలిపెట్టే హీల్ హుక్‌లో ఇంకా ముందే చేయాలి. మడమ చిక్కి మోకాలు కదలకపోతే చాలు, ఎందుకంటే అక్కడ నొప్పి తెలిసేసరికే లిగమెంట్ తెగి ఉండవచ్చు.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. రౌండుకు ముందు కాళ్లకు దండం పెట్టిన కుర్రవాడు, "ఆజ్ఞా" (ఒడియాలో 'అలాగేనండి') అంటూనే పట్టు సడలిస్తాడు. "నా చేయి దొరికితే వదలకు, నేను ట్యాప్ చేసేదాకా నెమ్మదిగా బిగించు" అని తెలుగులోనో ఒడియాలోనో ముందే స్పష్టంగా చెప్పండి. ఈ పాఠానికి గీ (సాధనలో తొడిగే మందపాటి దుస్తులు) తప్పనిసరి. గోపాల్‌పూర్ గాలి తగిలే మా ఊళ్లో మే నెలలో గీ లేకుండా దిగితే చెమటకు చేయి దానంతటదే జారిపోతుంది, దాన్ని మీ రక్షణగా లెక్కించలేము. మౌంట్ కింద నేను ఉపా (తుంటిని పైకెత్తి ఎదుటివాడిని దొర్లించడం) కన్నా మోచేయి, మోకాలు కలుపుకుంటూ హాఫ్ గార్డ్‌లోకి (ఎదుటివాడి ఒక కాలిని నా కాళ్ల మధ్య బిగించే స్థితిలోకి) వచ్చే దారినే ఇష్టపడతాను. బరువైన వారి కింద అది నన్ను ఎక్కువసార్లు కాపాడింది.

సాధన: మూడు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు 6 నిమిషాల రౌండ్లు ఐదు. ప్రతిసారీ మౌంట్ కింద, ఒక మోచేయి అప్పటికే పక్కటెముకలను వీడి ఉండగా మొదలుపెట్టండి. బయటపడిన వెంటనే మళ్లీ అదే స్థితికి వెళ్లండి. ఆ మోచేతిని మళ్లీ దగ్గరకు తెచ్చుకోవడానికి ఏ కదలిక పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో ఆ రాత్రే రాసుకోండి. ఈ పన్నెండు రోజుల రాత పూర్తయిన తరువాతే ఐదవ పాఠం తెరవండి. అది నేరుగా ఆ రాత మీదే మొదలవుతుంది.