మీ వారి బేసిక్ ట్రైనింగ్ గ్రాడ్యుయేషన్‌కు వెళ్తున్నారా?

అమెరికా సైన్యంలో సిపాయిగా చేరడానికి పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు ఉంటే చాలు. అలా చేరుతున్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. చేరినవారికి ఎప్పుడు లేవాలో, ఏం వేసుకోవాలో, ఎక్కడ నిలబడాలో అన్నీ సైన్యమే చెబుతుంది. ఇంటి దగ్గర మిగిలిన భార్యకో భర్తకో చెప్పే దిక్కు ఉండదు. ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలు కూడా కాకుండానే ఇలాంటి పరిస్థితి వచ్చిన అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. చేరింది మీ ఆవిడ అయినా ఇవే మాటలు వర్తిస్తాయి.

ఆర్మీలో చేరగానే ఇచ్చే తొలి శిక్షణే బేసిక్ ట్రైనింగ్, అది పది వారాలు. అది ముగిశాక జరిగే వేడుకే గ్రాడ్యుయేషన్. శిక్షణకు ముందు పేర్లు రాయించుకోవడానికి, టీకాలకు, యూనిఫాంలకు కొన్ని రోజులు పడతాయి. శిక్షణ నాలుగు చోట్ల జరుగుతుంది: సౌత్ కరోలినాలో ఫోర్ట్ జాక్సన్, ఒక్లహామాలో ఫోర్ట్ సిల్, మిస్సోరిలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్, జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్. ఈ బెన్నింగ్‌కు 2023లో ఫోర్ట్ మూర్ అని పేరు మార్చి, 2025లో మళ్లీ పాత పేరే పెట్టారు. పాత కాగితాల్లో మూర్ అనే పేరు కనిపిస్తే కంగారు పడకండి, ఊరు అదే. అక్కడ ఇన్‌ఫాంట్రీకి, అంటే కాల్బలానికి వెళ్లినవారికి మాత్రం బేసిక్, ఆ తర్వాతి శిక్షణ కలిపి ఒకే విడతలో 22 వారాలు సాగుతాయి. అన్నిటికంటే ఎక్కువమంది వెళ్లేది ఫోర్ట్ జాక్సన్‌కు కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

వెళ్లిన మొదట్లో ఫోన్ తీసేసుకుంటారు. చేరానని చెప్పడానికి ఒక్క చిన్న కాల్ చేయనిస్తారు, అంతే. ఆ గొంతులో ప్రేమ లేదేమిటని బాధపడొద్దు. పక్కన వరుసలో ఇంకో యాభైమంది నిలబడి ఉంటారు, వెనక డ్రిల్ సార్జెంట్ ఉంటాడు. తర్వాత కాల్స్ ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకని ఉత్తరాలు రాయండి. కవరు మీద ఆయన ఇంటిపేరు, కంపెనీ (ఆయన ఉండే సైనిక దళం), ప్లటూన్ (అందులోని చిన్న జట్టు) తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే అక్కడ అందరూ పిలిచేది ఇంటిపేరుతోనే, ఛాతీ మీద ఉండేదీ అదే. తినుబండారాలు పంపొద్దు. ఇవ్వరు, పైగా అందరి ముందూ ఆయనకు చీవాట్లు.

గ్రాడ్యుయేషన్ తేదీ, కార్యక్రమాల వివరాలు కంపెనీ పంపే ఉత్తరంలోనో, యూనిట్ ఫేస్‌బుక్ పేజీలోనో వస్తాయి. ఆ తేదీ చూడగానే టికెట్ కొనేయాలనిపిస్తుంది. కొనండి, కానీ డబ్బు వాపసు వచ్చేదో, తేదీ మార్చుకోగలిగేదో కొనండి. కాలు బెణికినా, తుపాకీ పరీక్షలో తప్పినా, చివర్లో ఫీల్డ్‌లో రోజుల తరబడి సాగే ఫోర్జ్ అనే పరీక్ష పూర్తి చేయలేకపోయినా వెనక వచ్చే బ్యాచ్‌లోకి మారుస్తారు. మంచి పట్టుదల ఉన్నవాళ్లకూ అలా జరుగుతుంది, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. క్రిస్మస్‌కు శిక్షణ దాదాపు రెండు వారాలు ఆగుతుంది, నవంబరు చుట్టుపక్కల వెళ్లినవారి తేదీలో అదీ కలపాలి.

ఇప్పుడు కాగితాల సంగతి. మన తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే. మీకు మిలిటరీ ఐడీ కార్డు, ట్రైకేర్ ఆరోగ్య బీమా రావాలన్నా, కుటుంబం ఉన్నవారికిచ్చే ఇంటి అద్దె భత్యం ఆయనకు రావాలన్నా మీ పేరు డీర్స్ అనే రికార్డులోకి ఎక్కాలి. దానికి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, గుడిలో ఇచ్చిన రసీదు పనికిరావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చినదే కావాలి. అందులో తెలుగు ఉంటే ఇంగ్లిష్ అనువాదం ధ్రువీకరించి జతపరచాలి. మనలో చాలామంది ఆడవాళ్ల పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. కొందరికైతే ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇక్కడి కాగితాల్లో అసలు పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చి చేరుతుంది. పాస్‌పోర్టులో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒకలా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే కౌంటర్ దగ్గర పని ఆగిపోతుంది. ఆయన వెళ్లకముందే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఐడీ కార్డు కోసం ఆయన సంతకం చేసిన డీడీ 1172-2 ఫారం ఉంటే, మీ ఊరికి దగ్గర్లో ఉన్న ఐడీ కార్డు ఆఫీసులోనే తీసుకోవచ్చు. ట్రైనింగ్ మొదట్లో ఆ సంతకం కాకపోతే గ్రాడ్యుయేషన్ నాడు చేయించుకోవడం మరిచిపోకండి. పవర్ ఆఫ్ అటార్నీ అవసరమేమో కూడా ఆయన్నే అడగండి. లీజు, కారు, బ్యాంకు ఆయన పేరు మీదే ఉంటే అవసరమే.

గేటు దగ్గర పెద్దవాళ్లందరికీ ఫొటో ఐడీ అడుగుతారు. ఐడీ కార్డు లేనివాళ్లకు విజిటర్ పాస్ ఇస్తారు, దానికి పాత కేసులేమైనా ఉన్నాయేమో కూడా పరిశీలిస్తారు. డ్రైవింగ్ లైసెన్స్ రియల్ ఐడీ (ఫెడరల్ నిబంధనలకు సరిపోయే) రకానిది కాకపోతే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. కారు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు, అద్దె కారైతే అగ్రిమెంటు అందుబాటులో ఉంచుకోండి. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలనో అమ్మానాన్ననో తీసుకెళ్తుంటే ముందుగానే బేస్ విజిటర్ సెంటర్‌కు ఫోన్ చేసి, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి ఏం కావాలో అడగండి. ఆ రోజు ఉదయం గేటు దగ్గర అడిగితే పెద్దవాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తుంది. ఉబర్ డ్రైవర్లందరికీ లోపలికి అనుమతి ఉండదు కాబట్టి మీకు డ్రైవింగ్ రాకపోతే, డ్రైవింగ్ తెలిసిన స్నేహితులెవరినైనా వెంట తీసుకెళ్లడమే మేలు. ఫోర్ట్ జాక్సన్ ఉన్న కొలంబియా ఊళ్లో విమానాశ్రయం ఉన్నా, పక్కనున్న నార్త్ కరోలినాలోని చార్లెట్‌కు విమానాలు ఎక్కువ. అక్కడి నుంచి కారులో గంటన్నర.

ఫోర్ట్ జాక్సన్‌లో మామూలుగా మొదటిరోజు ఫ్యామిలీ డే, మర్నాడు గ్రాడ్యుయేషన్. చాలామంది సెలవు దొరకదని గ్రాడ్యుయేషన్ నాటికే వస్తారు. నన్నడిగితే ఒక్కరోజే వీలైతే ఫ్యామిలీ డేకి రండి. మర్నాడు పరేడ్ బాగుంటుంది, నిజమే. కానీ చాలామందిని ఆ తర్వాత కొన్ని గంటల్లోనే బస్సెక్కించి తర్వాతి శిక్షణకు పంపేస్తారు. కూర్చుని మాట్లాడుకునే తీరిక దొరికేది మొదటిరోజే.

ఆ రోజు హిల్టన్ ఫీల్డ్‌లో మెట్ల మీద కూర్చుంటారు. ఎదురుగా పచ్చిక, ఆవల చెట్లు. పాటలు మోగుతుండగా చెట్ల దగ్గర రంగు పొగ లేస్తుంది, అందులోంచి సైనికులు వరుసలుగా నడిచొస్తారు. అందరిదీ ఒకే బట్ట, ఒకే టోపీ, ఒకే నడక. కట్టుకున్న భర్తనే గుర్తుపట్టలేకపోతున్నానేమిటని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు ఉంటారు. కంపెనీ జెండా మీది అక్షరం, ఆయన ప్లటూన్ నంబరు, ఎన్నో వరుసలో ఉంటారో ముందే ఉత్తరంలో రాయమనండి. మైదానంలోకి రమ్మన్నాక కూడా ఆయన కదలరు, చూపు తిప్పరు. మీరు వెళ్లి భుజం మీద తట్టేదాకా అలాగే నిలబడతారు. దాన్ని ట్యాప్ అవుట్ అంటారు. ఇంటి నుంచి ఎవరూ రాని కుర్ర సైనికులు ఒకరిద్దరు చివరిదాకా నిలబడే ఉంటారు. మీ వారిని కలిశాక వాళ్ల దగ్గరకూ వెళ్లి భుజం తట్టండి, మీతో భోజనానికి పిలవండి. ఈ రోజంతటిలో మీరు చేయగలిగిన మంచి పని ఇదే.

భోజనం మాటకొస్తే, పులిహోర, దద్దోజనం, గారెలు చక్కగా నిలవుంటాయి. ఎండ ఎక్కువైతే దద్దోజనం చల్లటి పెట్టెలో పెట్టుకోండి. కొలంబియాలో వేసవి మన రామగుండం ఎండలా మాడుస్తుంది. ఆవకాయ తీసుకెళ్లినా విడిగా పెట్టి, పెద్ద రుమాలు ఒళ్లో పరచి ఇవ్వండి, యూనిఫాం మీద ఎర్ర నూనె పడితే మర్నాడు తనిఖీలో ఆయనకే ఇబ్బంది. పది వారాలు కారం లేని తిండి తిన్న కడుపు, బలవంతంగా కొసరి వడ్డించకండి. మద్యం, సిగరెట్ అసలు వద్దు. యూనిఫాంలో ఉండగా చేతిలో చెయ్యి వేసి నడవడం, నడుస్తూ తినడం వాళ్లకు కుదరవు. ఆరుబయట టోపీ తీయరు. మీ మీద అలిగి కాదు. ఊరు చూపించాలని తిప్పకండి, బేస్ దాటి వెళ్లనిస్తారో లేదో కూడా ఆ బ్యాచ్ నియమాలను బట్టే ఉంటుంది. నిద్ర వస్తోందంటే నీడ చూసి పడుకోనివ్వండి.

మర్నాడు గ్రాడ్యుయేషన్‌కు చీర కట్టుకుని వెళ్లాలనుంటే నిరభ్యంతరంగా వెళ్లండి, చెప్పులు మాత్రం ఎత్తు మడమలవి వద్దు, పచ్చికలో దిగబడతాయి. జాతీయగీతానికి అందరూ లేస్తారు. గుండె మీద చెయ్యి పెట్టుకోవాలా అని మనవాళ్లు అడుగుతుంటారు. పౌరసత్వం లేనివారు లేచి నిశ్శబ్దంగా నిలబడితే చాలు. ఇండియాలో ఉన్న పెద్దవాళ్లకు ఫేస్‌బుక్ లైవ్ లింకు పంపండి. ఇక్కడ ఉదయం తొమ్మిదంటే వేసవిలో అక్కడ సాయంత్రం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర.

సైన్యంలో చేరినవారికి పౌరసత్వం త్వరగా వచ్చే వీలుంది. శిక్షణ సమయంలోనే ఆ పని మొదలుపెట్టే ఏర్పాటు ఆర్మీలో 2009లో వచ్చింది. ఆయనకు వచ్చినంత మాత్రాన మీకు వచ్చినట్టు కాదు, మీ దరఖాస్తు మీరు విడిగా పెట్టుకోవాలి.

బేసిక్ తర్వాత ఇంటికి పంపిస్తారనుకుని ఇల్లు సర్దుకోకండి. నేరుగా ఉద్యోగ శిక్షణకు పంపుతారు. మెడిక్ అయితే శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌కు. ఒకేచోట ఆ శిక్షణ 20 వారాలు, ఆ పైన ఉంటేనే కుటుంబాన్ని సైన్యం ఖర్చుతో తీసుకెళ్లే అవకాశం ఉంటుంది. తక్కువైతే పోస్టింగ్ వచ్చేదాకా మీరు ఉన్నచోటే ఉండాలి. అందుకని మీ అపార్ట్‌మెంటు లీజు ఈ లోపు ముగుస్తుంటే నెలనెలా పొడిగించుకునే వీలుందో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.