స్లైడు మీద రంగులు – 3: ఇయోసిన్ పాలిపోతే తప్పు ఎక్కడ?

మైక్రోస్కోపు కింద చూడటానికి శరీర కణజాలాన్ని పల్చగా కోసి, గాజు స్లైడు మీద పెట్టి రంగులద్దుతాం. పోయిన పాఠంలో హెమటాక్సిలిన్ అనే రంగుతో కణాల కేంద్రకాలకు నీలం పట్టించి, నల్లా నీళ్లతో కడిగే దగ్గర ఆపాం. ఇక గులాబీ రంగు, అంటే ఇయోసిన్ వంతు.

హెమటాక్సిలిన్ చెట్టు చేవలోంచి వచ్చే రంగు. ఇయోసిన్ అచ్చంగా ఫ్యాక్టరీ సరుకు. 1874లో జర్మనీలో హైన్రిష్ కారో అద్దకం కోసం తయారుచేశాడు. 1879లో పాల్ ఎర్లిష్, ఈ రంగును పట్టుకుని ఎర్రబడే రక్తకణాలకు ఇయోసినోఫిల్ అని పేరు పెట్టాడు. తుమ్ములు ఆగకపోతే మన ఇళ్లలో "ఇస్నోఫీలియా ఏమో" అంటారే, ఆ మాటలో దాక్కున్నది ఈ బట్టల రంగే.

కొనేటప్పుడు సీసా మీద ఇయోసిన్ వై, కలర్ ఇండెక్స్ (రంగుల గుర్తింపు సంఖ్య) 45380 అని ఉందో లేదో చూడండి. 1 గ్రాము పొడిని 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, 95 శాతం ఆల్కహాల్ 80 మి.లీ. కలపండి. ఇది స్టాక్, అంటే నిల్వ ఉంచే చిక్కటి ద్రావణం. వాడేముందు ఒక వంతు స్టాక్‌కు మూడు వంతులు 80 శాతం ఆల్కహాల్ పోసి, ప్రతి 100 మి.లీ.కి అర మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ వేయాలి.

ఆ అర మి.లీ.ని చాలామంది లెక్కచేయరు. ఇయోసిన్‌ది రుణావేశం. కణద్రవ్యంలోని ప్రొటీన్లకు ధనావేశం ఉంటేనే వాటిని పట్టుకుంటుంది. అందుకు ద్రావణం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 4.6కీ 5కీ మధ్య ఉండాలి. 5 దాటితే పట్టు సడలుతుంది.

నేను కొత్తగా చేరిన ల్యాబ్‌లో (పేరెందుకులెండి) ఒక మే నెలలో స్లైడ్లన్నీ పాలిపోయి వచ్చాయి. అందరికీ టెన్షన్. కొత్త సీసా తెప్పించాం, అదీ అంతే. చివరికి సీనియర్ టెక్నీషియన్ అన్న, పీహెచ్ కాగితం ముక్కను ఇయోసిన్ జార్‌లో ముంచి నాకు చూపించాడు. "రంగుది కాదు తమ్మీ, నీళ్లది. నల్లా బందై బోరు నీళ్లు వాడుతున్నం గదా" అన్నాడు. బోరు నీళ్లలో క్షారగుణం ఎక్కువ. నీలం తేలడానికి అది మంచిదే. కానీ స్లైడ్లు పెట్టిన ర్యాక్‌ను నీళ్లు కారుతుండగానే ఇయోసిన్‌లో దించితే ఆ క్షారం కూడా జార్‌లోకి చేరుతుంది. పది ర్యాకులయ్యేసరికి రంగు నీరసిస్తుంది.

కాబట్టి ర్యాక్‌లోని నీళ్లు బాగా వార్చి, అడుగున టిష్యూ పేపర్‌తో అద్ది, 80 శాతం ఆల్కహాల్‌లో పదిసార్లు ముంచి తీయండి. తర్వాత ఇయోసిన్‌లో ఒకటి రెండు నిమిషాలు. అక్కణ్నుంచి 95 శాతం ఆల్కహాల్ రెండు జార్లు, అబ్సల్యూట్ (నీళ్లు లేని ఆల్కహాల్) రెండు, ఆల్కహాల్‌ను తీసేసే జైలీన్ రెండు, చివర పైగాజు అంటించే డీపీఎక్స్ జిగురు. నీళ్లున్న ఆల్కహాల్ ఇయోసిన్‌ను లాగేస్తుంది, కాబట్టి 95లో స్లైడ్లు పెట్టి చాయ్‌కి వెళ్లకండి. జైలీన్ పాలలా తెల్లబడితే స్లైడులో ఇంకా తేమ ఉన్నట్టే, మళ్లీ అబ్సల్యూట్‌కు తీసుకెళ్లండి.

సాధనకు అపెండిక్స్ బ్లాకు (మైనంలో పొదిగిన కణజాలం) మంచిది. రక్తనాళాల్లోని ఎర్ర కణాలు పండు మిరపకాయ రంగులో, గోడలోని కండరం నిండు గులాబీలో, ఆ కండరానికి లోపలి వైపున్న పొరలోని కొలాజిన్ (పీచు ప్రొటీన్) లేత గులాబీలో కనబడాలి. మూడూ ఒకే రంగులో ఉంటే ఆల్కహాల్‌లో తొందరపడ్డారన్నమాట.

వచ్చే పాఠానికి ఒకే బ్లాకు నుంచి రెండు సెక్షన్లు (పల్చటి ముక్కలు) తీయండి. ఒకదాన్ని నీళ్లు వార్చి మామూలు ఇయోసిన్‌లో ముంచండి. రెండోదానికి వేరే చిన్న జార్‌లో ఇయోసిన్ పోసి, కావాలనే నాలుగు చుక్కల బోరు నీళ్లు కలిపి ముంచండి. రెండింటి పీహెచ్ స్లైడు లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.